అడుగున అమ్మాల్సిన పని పడకుండా: బిట్‌కాయిన్ ఎత్తుపల్లాల్లో పదేళ్లు ఉండాలంటే (ప్రసంగ పాఠం)

నమస్కారమండీ. వెనక వరసకి బోర్డు కనిపిస్తోందా? మూడు అంకెలు రాశాను. 85, 84, 77. బిట్‌కాయిన్ ఒక్కో సైకిల్‌లో, అంటే ఒక పెరుగుదలా దాని వెనకే ఒక పతనమూ కలిసిన చుట్టులో, శిఖరం మీద నుంచి సుమారుగా ఎంత శాతం పడిందో అవి. 2013 చివర్లో 1,100 డాలర్లు దాటిన ధర 2015 జనవరికి 200 డాలర్ల కిందికి దిగింది. 2017 డిసెంబరులో 20 వేల డాలర్ల అంచుదాకా వెళ్లి, ఏడాది తిరిగేసరికి 3,200 దగ్గర తేలింది. 2021 నవంబరులో 69 వేలు, 2022 నవంబరులో పదిహేనున్నర వేలు. పదేళ్లు ఉందామని వచ్చినవాళ్లు ఇలాంటివి రెండయినా చూస్తామనుకునే దిగాలి. యాప్ తెరిస్తే లక్ష ఉన్నచోట ఇరవై వేలు కనిపించే రోజులవి. ఆ రోజులు వారాలు కాదు, నెలలు ఉంటాయి.

ఎనభై శాతం పడ్డ సొమ్ము అసలుకి రావాలంటే ఐదింతలు కావాలి. బిట్‌కాయిన్ విషయంలో ఇంతవరకూ అయింది. 2017 శిఖరాన్ని దాటడానికి మూడేళ్లు పట్టింది, 2021 శిఖరాన్ని దాటడానికి రెండేళ్ల నాలుగు నెలలు. ఆ మధ్యలో ఉద్యోగం పోయో, పిల్లల ఫీజు కట్టాల్సి వచ్చో, గోల్డ్ లోన్ గడువు మీదికొచ్చో అమ్ముకున్నవాళ్లకి మాత్రం ఆ 84 శాతం శాశ్వతమైపోయింది. నేను ఇవాళ చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అడుగున ఉన్నప్పుడు అమ్మాల్సిన పని మనకి పడకూడదు. ఎంత పెట్టాలి, ఎలా కొనాలి, ఎక్కడ దాచాలి, పన్ను ఎలా లెక్కేసుకోవాలి అన్నవన్నీ అక్కడి నుంచే వస్తాయి.

ముందు ఈ ‘నాలుగేళ్ల సైకిల్’ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దీన్ని పంచాంగంలా చదివేవాళ్లు ఎక్కువయ్యారు. బిట్‌కాయిన్‌లో సుమారు పది నిమిషాలకొక బ్లాక్, అంటే లావాదేవీల కట్ట, తయారవుతుంది. దాన్ని కంప్యూటర్లతో తయారుచేసేవాణ్ని మైనర్ అంటారు, అతనికి కొత్త కాయిన్లు బహుమానం. ప్రతి 2,10,000 బ్లాకులకీ, అంటే సుమారు నాలుగేళ్లకోసారి, ఆ బహుమానం సగమవుతుంది. అదే హాల్వింగ్. 2012 నవంబరులో 50 నుంచి 25, 2016 జులైలో పన్నెండున్నర, 2020 మేలో 6.25, 2024 ఏప్రిల్‌లో 3.125. మొత్తం మీద 2.1 కోట్లకి మించి పుట్టవు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. రోజుకి 144 బ్లాకులు. 2012 హాల్వింగ్‌తో రోజుకి పుట్టే కాయిన్లు 7,200 నుంచి 3,600కి తగ్గాయి, అంటే మార్కెట్‌కి రోజూ వచ్చే సరుకులో 3,600 కోత. 2024లో 900 నుంచి 450. కోత 450 మాత్రమే, మార్కెట్ చూస్తే అప్పటికన్నా ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి హాల్వింగ్ బలం ప్రతిసారీ తగ్గుతోంది. ఇంతవరకూ జరిగినవే నాలుగు. నాలుగు సార్లు పండిన పంటని చూసి ఐదోసారి వాన ఏ తారీఖున పడుతుందో చెప్పేవాణ్ని మనం నమ్మం కదా.

పైగా 2024లో వరస తప్పింది. అంతకుముందు హాల్వింగ్ అయ్యాకే పాత శిఖరం దాటేది. ఈసారి ఏప్రిల్ హాల్వింగ్ కన్నా ముందే, మార్చిలోనే దాటేసింది. కారణం, ఆ జనవరిలో అమెరికాలో స్పాట్ ఈటీఎఫ్‌లకి, అంటే బిట్‌కాయిన్‌ని కొని దాచి షేర్లలా అమ్మే ఫండ్లకి, అనుమతి రావడం. 2022 పతనం వెనకా ఈ నాలుగేళ్ల సైకిల్ ఒక్కటే లేదు. ఆ ఏడాది మార్చిలో సున్నా దగ్గరున్న అమెరికా వడ్డీ రేటు 2023 జులైకి 5.25–5.5 శాతానికి ఎక్కింది. డబ్బు ఖరీదైతే ముందు వదిలించుకునేది ఇలాంటివాటినే.

‘200 వారాల సగటు ధర దగ్గర కొంటే చాలు, అంతకన్నా కిందికి పోదు’ అనే సూత్రం ఒకటి 2015లోనూ 2018లోనూ ఇంచుమించు పనిచేసింది. 2022లో ధర ఆ గీత కిందికి దిగి నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. ఆ సూత్రాన్ని నమ్మి అప్పు చేసి కొన్నవాళ్ల దగ్గర ఇంకా కిందికి పోయినప్పుడు కొనడానికి డబ్బు లేదు, కట్టడానికి వాయిదాలున్నాయి.

సరే, ఎంత పెట్టాలి? ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. క్రెడిట్ కార్డు బాకీ, గోల్డ్ లోన్ ఉంటే అవి ముందు తీరాలి. చీటీ పాడిన డబ్బు దీనికి వద్దు, వచ్చే నెల నుంచి అది కూడా అప్పే. ఇవి దాటాక, మీ మొత్తం పొదుపులో ఎంత శాతం అన్నది చూడండి. ఇరవై లక్షల పొదుపు ఉన్న కుటుంబం ఐదు శాతం, అంటే లక్ష పెట్టిందనుకుందాం. ఎనభై శాతం పడితే పోయేది ఎనభై వేలు, మొత్తం పొదుపులో నాలుగు శాతం. బాధే, కానీ ఎవరి పెళ్లీ ఆగదు. అదే కుటుంబం ఎనిమిది లక్షలు పెడితే పోయేది ఆరు లక్షల నలభై వేలు. అప్పుడు ఇంట్లో జరిగే సంభాషణలే అడుగున అమ్మిస్తాయి, మార్కెట్ కాదు. పెట్టే శాతం తేల్చుకునేటప్పుడు భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఈ తీసివేత వేసి చూడాలి.

కొనడం నెలనెలా కొనడమే మేలు. బోర్డు మీద ఒక ఊహా లెక్క వేస్తాను. నెలకి పది వేలు, ఐదు నెలలు. ధరలు 100, 50, 25, 50, 100. మీకు వచ్చే యూనిట్లు 100, 200, 400, 200, 100. మొత్తం వెయ్యి. పెట్టింది యాభై వేలు, అంటే సగటు యాభై. ధర మొదటి చోటికే వచ్చింది, మీ సొమ్ము రెట్టింపయింది. వెయ్యిలో నాలుగొందల యూనిట్లు ఒక్క మూడో నెలలోనే వచ్చాయి చూడండి. అందరూ మానేసే నెల అది. ఇప్పుడు ఇదే లెక్క తిరగేద్దాం. ధరలు 100, 200, 400. యూనిట్లు 100, 50, 25, మొత్తం 175. ధర మళ్లీ 100కి వస్తే ముప్పై వేలు పెట్టిన చోట పదిహేడున్నర వేలు. ఇలా నెలనెలా కట్టే సిప్ అనగానే నష్టం రాదనుకోకండి. ఎగబాకే రోజుల్లో మొదలుపెట్టి, పడగానే ఆపేసేవాడికి సిప్ కూడా చెడ్డ బేరమే. కనీసం ఒక పతనం మొత్తం దాటేదాకా, అంటే మూడు నాలుగేళ్లు, అదే మొత్తం ఆగకుండా కట్టగలరా అని ముందు చూసుకోండి. పది వేలు కట్టి ఆపేకన్నా మూడు వేలు కట్టి సాగించడం నయం.

కొనేటప్పుడు ఒక పరీక్ష. యాప్‌లో పెద్దగా కనిపించే ‘ఇప్పుడే కొనండి’ బటన్ నొక్కి పది వేలకి ఎంత వస్తుందో చూడండి. కొనకండి. అంతే మొత్తాన్ని అమ్మితే ఎంత ఇస్తానంటుందో అదే క్షణంలో చూడండి. తొమ్మిది వేల ఆరొందలు చూపించిందంటే నాలుగు వందలు ఫీజు అనే పేరు లేకుండానే పోయినట్టు. ఆ యాప్‌లోనే ఆర్డర్ బుక్, అంటే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ అడిగే ధరల జాబితా ఉంటే, ‘ఈ ధరకైతేనే కొంటాను’ అనే లిమిట్ ఆర్డర్ పెట్టుకుంటే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఎలాగూ ఉంటుంది. ఇంకొకటి, డాలర్ ధరని ఆ రోజు రూపాయి మారకంతో గుణించి చూడండి. మన ఎక్స్ఛేంజీల్లో, అంటే కాయిన్లు కొని అమ్మే ఈ యాప్‌లలో, అంతకన్నా ఎక్కువ పలికే రోజులుంటాయి. ఆ తేడా ఎక్కువగా ఉన్న రోజున తొందరపడక్కర్లేదు.

‘బిట్‌కాయిన్ ఒకటి కొనలేను, రూపాయి లోపు దొరికేది కొంటాను’ అనేవాళ్లున్నారు. ఒక బిట్‌కాయిన్‌ని పది కోట్ల ముక్కలు చేయొచ్చు, వాటిని సతోషీలంటారు. వెయ్యి రూపాయలకీ వస్తుంది. ఇక రూపాయి లోపు కాయిన్ ఎందుకంత చవకో 2022 మే నెలలో లూనా అనే కాయిన్ చూపించింది. దాని జంట కాయిన్ యూఎస్‌టీని ఒక డాలర్ దగ్గర నిలబెట్టడానికి, యూఎస్‌టీ అమ్మేసేవాళ్లకి కొత్త లూనాలు పుట్టించి ఇచ్చే ఏర్పాటు అది. అందరూ ఒకేసారి అమ్మకానికి దిగితే, కొన్ని రోజుల్లో 35 కోట్ల లోపున్న లూనాలు ఆరున్నర లక్షల కోట్లయ్యాయి. ధర పైసల్లోకి పోయింది. ‘మొన్న ఎనభై డాలర్లు, ఇవాళ పైసలు, ఎంత చవక’ అని అప్పుడు కొన్నవాళ్లు కొన్నది మునుపటి వస్తువులో సుమారు పంతొమ్మిది వేలో వంతు.

పడ్డది కాబట్టి చవక అనే భ్రమ మంచి కాయిన్లలోనూ ఉంటుంది. ఎథీరియం నెట్‌వర్క్ కాయిన్ అయిన ఈథర్ 2018 జనవరిలో 1,400 డాలర్లు. అదే ఏడాది డిసెంబరులో 84 దగ్గర. అంటే 94 శాతం పతనం. దారిలో 140 దగ్గర, తొంభై శాతం పడింది కదా ఇంకెక్కడికి పోతుందని కొన్నవాళ్లు అక్కడి నుంచి మళ్లీ నలభై శాతం పోగొట్టుకున్నారు. తొంభైకీ తొంభై నాలుగుకీ తేడా నాలుగే అనిపిస్తుంది, జేబులో మాత్రం నలభై. ఈథర్ తర్వాత లేచింది. 2018లో దాని పక్కన జాబితాలో ఉన్నవి చాలా లేవలేదు. ఒక సైకిల్‌లో మొదటి ఇరవైలో ఉన్నవాటిలో ఏది వచ్చే సైకిల్ దాకా బతుకుతుందో ముందే పట్టుకోవడం కష్టం. నా మటుకు నేను, దీర్ఘకాలం అనే మాటని బిట్‌కాయిన్‌కి, కొంచెం సందేహంతో ఈథర్‌కి తప్ప వాడను.

అరువు తీసుకుని ఫ్యూచర్స్‌లో, అంటే ముందు ముందు ధర ఎటు పోతుందో అన్న పందేల్లో, ఆడేవాళ్ల గురించి ఒక్క మాటతో వదిలేస్తాను. 2025 అక్టోబరు 10న చైనా మీద అమెరికా సుంకాల ప్రకటన వచ్చాక ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్ల పందేలని ఎక్స్ఛేంజీలు బలవంతంగా మూసేశాయి. పది రెట్ల అరువు తీసుకున్నవాడిది పది శాతం పడేలోపే అయిపోతుంది. కాయిన్ తర్వాత లేచినా, అతను అందులో ఉండడు.

ఇప్పుడు పన్ను. అమెరికా యూట్యూబ్ పాఠాలు మనకి పనికిరానిది ఇక్కడే. 2022 బడ్జెట్ నుంచి లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2. ఎన్నేళ్లు ఉంచుకున్నా అదే. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసివేయనివ్వరు. అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్, అంటే అమ్మకం సొమ్ములోంచి ముందే పట్టుకునే పన్ను. అసలు చిక్కు నష్టాల దగ్గర. ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకోదాంట్లో ఎనభై వేల నష్టం వచ్చిందనుకోండి. మిగిలింది ఇరవై వేలే. పన్ను మాత్రం లక్ష మీద. 31,200. అంటే లాభంతో బయటపడ్డాననుకున్నవాడు పదకొండు వేల రెండొందలు సొంత జేబులోంచి కడతాడు. ఆ నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లనూ లేరు.

ఇంతకన్నా ముంచేది కాయిన్ ఇచ్చి కాయిన్ తీసుకోవడం. రూపాయి చేతికి రాదు కాబట్టి పన్ను లేదనుకుంటారు. చట్టం దృష్టిలో అది అమ్మకమే. లక్ష పెట్టి కొన్నది నాలుగు లక్షలయ్యాక కొత్త కాయిన్‌లోకి మారిస్తే లాభం మూడు లక్షలు, పన్ను 93,600. నెల తర్వాత కొత్త కాయిన్ తొంభై శాతం పడి నలభై వేలయింది. చేతిలో నలభై వేలు, కట్టాల్సింది తొంభై మూడు వేల ఆరొందలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. టీడీఎస్ కూడా చిన్నదనుకోకండి. అమ్ముతూ కొంటూ ఇరవై సార్లు తిప్పితే, ధర కదలకపోయినా, పెట్టుబడిలో పద్దెనిమిది శాతం ఐటీ శాఖ దగ్గర ఉండిపోతుంది. రిటర్న్ వేశాక సర్దుబాటవుతుంది, కానీ ఈలోపు అది మీ చేతిలో లేదు. అందుకని మన దేశంలో సైకిల్‌ని తట్టుకునే పద్ధతికి తక్కువ కాయిన్లు, తక్కువ అమ్మకాలు తప్పనిసరి.

అమ్మకం మరి ఎప్పుడు? శిఖరం ఎక్కడో ఎవరికీ తెలియదు కాబట్టి ధరని కాదు, వాటాని చూడమంటాను. ఇందాకటి కుటుంబమే. లక్ష క్రిప్టో, పంతొమ్మిది లక్షలు ఇతరత్రా. క్రిప్టో నాలుగింతలై నాలుగు లక్షలయింది. మొత్తం ఇరవై మూడులో పదిహేడు శాతం. పది శాతం దాటితే పదికి తగ్గించాలని ముందే కాగితం మీద రాసుకున్నారు. లక్షా డెబ్బై వేలవి అమ్ముతారు. అందులో కొన్న ధర పావు వంతు, లాభం 1,27,500. పన్ను 39,780. చేతికి మిగిలేది లక్షా ముప్పై వేలు, మొదట పెట్టిన లక్షకి పైగా. ఇంకా రెండు లక్షల ముప్పై వేల క్రిప్టో ఉంది. ఇక్కడి నుంచి ఎనభై శాతం పడినా ఆ ఇంట్లో గొడవ రాదు. ఆ పన్ను డబ్బు అదే రోజు వేరే ఖాతాలోకి తీసిపెట్టి, వచ్చే అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాకి కట్టేయాలి. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి, ఏ నెలయినా పదిహేనో తేదీ. ఆ డబ్బుతో ‘కొంచెం పడింది కదా’ అని మళ్లీ కొన్నారో, అడుగున అమ్మాల్సిన కారణం మీ చేత్తో మీరే తయారుచేసుకున్నట్టు.

దాచడం దగ్గరికి వద్దాం. బ్యాంకు డిపాజిట్‌కి ఐదు లక్షల దాకా బీమా ఉంది. ఎక్స్ఛేంజ్‌లో ఉన్న కాయిన్‌కి అలాంటిది లేదు. 2014లో మౌంట్ గాక్స్, 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీలు కుప్పకూలాయి. 2024 జులైలో మన ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల దొంగతనం. వజీర్‌ఎక్స్ ఖాతాదారులు ఏడాదికి పైగా కాయిన్లు బయటికి తీయలేకపోయారు. ధరలు పెరిగిన ఏడాది అది. కాబట్టి పోతే బాధపడేంత మొత్తం అయ్యాక సొంత వాలెట్‌కి మార్చండి. కొనేముందే చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. కొన్ని యాప్‌లు కాయిన్‌ని బయటికి పంపనివ్వవు. పంపనివ్వని చోట దీర్ఘకాలానికి కొనొద్దు.

సొంత వాలెట్‌కి హార్డ్‌వేర్ వాలెట్ అనే చిన్న పరికరం వాడతారు, కాయిన్ల తాళం అందులో ఉంటుంది. దాన్ని తయారీదారు దగ్గరే కొనండి, వాడినది వద్దు. పెట్టెలో ముందే రాసిన పదాల కాగితం వస్తే అది దొంగ సరుకు. పరికరమే మీ ముందు తన తెర మీద 12 గానీ 24 గానీ ఇంగ్లీషు పదాలు చూపించాలి, అవే మీ కాయిన్లకి తాళంచెవి. అవి 2,048 పదాల జాబితాలోవి, ప్రతి పదానికీ మొదటి నాలుగు అక్షరాలు చాలు, ఇంకో పదంతో కలవవు. వరస నంబరు వేసి పెన్నుతో రాయండి. ఫోన్‌తో ఫొటో తీయకండి, అది క్లౌడ్‌లోకి పోతుంది. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం కూడా అంతే. మన తేమకి, చెదలకి కాగితం పదేళ్లు ఆగదు. ఆ నాలుగేసి అక్షరాలు స్టీలు పలక మీద చెక్కించకుండా మీరే పొడిచి పెట్టుకోండి. చెక్కే దుకాణానికి ఇస్తే ఆయనకీ తెలిసిపోతుంది.

తర్వాతి అడుగు చాలామంది ఎగ్గొట్టేది. ఐదు వందల రూపాయల కాయిన్ పంపండి. వచ్చిందని చూశాక పరికరాన్ని పూర్తిగా చెరిపేయండి. రాసిన పదాలతోనే మళ్లీ తెరవండి. ఆ ఐదొందలు కనిపిస్తేనే మీ రాత సరైనది. ఒక పదం స్పెల్లింగ్ తప్పినా, రెండు పదాలు వరస మారినా ఇక్కడే బయటపడుతుంది. లక్షలు వేశాక తెలిస్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

పంపేటప్పుడు వాలెట్ చిరునామా, అంటే పొడవాటి అక్షరాల వరస, కాపీ చేసి అతికించాక మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలతో ఆగకుండా మధ్యలో కూడా నాలుగు చూడండి. రెండు కొసలూ ఒకేలా ఉండే చిరునామాలు తయారుచేసి మీ లావాదేవీల చరిత్రలోకి చిల్లర పంపే మోసగాళ్లున్నారు. చరిత్రలోంచి కాపీ చేసుకుంటారని వాళ్ల ఆశ. సరిపోల్చాల్సింది పరికరం తెర మీది చిరునామాతో, ఫోన్‌లోదానితో కాదు. నెలనెలా చిన్న మొత్తాలు పంపకండి, మూడు నాలుగు నెలలకోసారి చాలు. బిట్‌కాయిన్‌లో విడివిడిగా వచ్చిన ప్రతి చిన్న ముక్కకీ తర్వాత ఖర్చు పెట్టేటప్పుడు ఫీజు పెరుగుతుంది. 2024 హాల్వింగ్ రోజున సగటు ఫీజు వంద డాలర్లు దాటింది. రెండు వేల రూపాయల ముక్కలు అలాంటి రోజున కదపడానికే గిట్టవు.

ప్రతి ఏప్రిల్‌లో ఎక్స్ఛేంజ్ నుంచి ఆ ఏడాది లావాదేవీల ఫైలు దింపి పెట్టుకోండి. ఏ రోజు ఎంతకి కొన్నారో చూపలేకపోతే, పదేళ్ల తర్వాత అమ్మినప్పుడు కొన్న ధర తీసివేయమని అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. ఎక్స్ఛేంజ్ మూతపడితే ఆ చరిత్ర కూడా దాంతోనే పోతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, ఇప్పుడు మొదలుపెట్టొచ్చా, ఇంకా పడేదాకా ఆగాలా?

ఇంకా పడేదాకా ఆగినవాళ్లు పడ్డప్పుడు కొనరమ్మా, ఇంకా పడుతుందని ఆగుతారు. మూడేళ్లు ఆపకుండా కట్టగల మొత్తం తేలితే ఈ నెలే మొదలుపెట్టండి. తేలకపోతే ఎంత చవకైనా వద్దు.

ప్రశ్న: నాకేదైనా అయితే ఇంట్లోవాళ్లకి ఎలా అందుతుంది? చెప్తే భయం, చెప్పకపోతే పోతుంది.

బ్యాంకు ఖాతాకి నామినీ ఉన్నట్టు సొంత వాలెట్‌కి ఉండరండీ. పదాలు ఎవరి దగ్గరుంటే వాళ్లదే డబ్బు. అందుకని రెండుగా విడదీయండి. స్టీలు పలక బ్యాంకు లాకర్‌లో, లాకర్ ఇద్దరి పేరునా. ఇంట్లో బీరువాలో ఒక ఉత్తరం. అందులో పదాలు ఉండకూడదు. ఏ కంపెనీ పరికరం, పిన్ ఎక్కడుంది, పలక ఏ లాకర్‌లో ఉంది, సుమారుగా ఎంత ఉంది, సాయం కోసం ఇద్దరు నమ్మకస్తుల పేర్లు. ‘వాలెట్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, మీ పదాలు చెప్పండి’ అని ఎవరు ఫోన్ చేసినా పెట్టేయమని ఎర్ర ఇంకుతో. తెలుగులోనే రాయండి, మీ ఆవిడకి అర్థమయ్యేలా. రాశాక ఆమె చేత ఒకసారి ఆ ఐదొందల రూపాయల వాలెట్‌ని, మీరు మాట్లాడకుండా పక్కన కూర్చుని, తెరిపించండి. ఎక్కడ ఆగిపోయిందో ఆ వాక్యం తిరగరాయండి.